ఆదిమూలం కొలిచిన వెలుతురు

నా నోరు మంచిది కాదని మురుంగపాక్కంలో ఎవరినడిగినా చెబుతారు. పాల సొసైటీలో ముప్పై ఏళ్ళు కూర్చున్నదాన్ని మరి. పాలు తెల్లగా ఉన్నాయా చిక్కగా ఉన్నాయా అని నేనెప్పుడూ చూడలేదు. గాజు గొట్టం పాలల్లో వేసి, అది ఏ అంకె దగ్గర నిలిచిందో చూసేదాన్ని. "ఏందక్కా, కంటికి కనిపించడంలా?" అని ఎవరైనా అంటే, "నా కన్ను అబద్ధం చెప్పొచ్చు, గొట్టం చెప్పదు, పక్కకు జరుగు" అని కసిరేదాన్ని. అంత తెలివిగలదాన్ని, సొంత మనవరాలి దగ్గరికి వచ్చేసరికి ఏం చేశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయినా ఆదిమూలం గురించి చెప్పాలంటే అది చెప్పక తప్పదు. ఈ తమిళ ఊళ్ళో మా ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని రాసేవాళ్ళు తక్కువ. మా నాన్న పుణ్యమా అని నాకు నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి నేనే రాస్తున్నాను.

పోయిన ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, మా అమ్మాయి అభినయకు ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ కాన్పు. మూడో రోజుకే పిల్ల ఒళ్ళంతా పచ్చబడింది. కామెర్లు. తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ పడలేదన్నారు. మడమ గుచ్చి రక్తం తీసి చూస్తే కామెర్ల అంకె పదిహేడు వచ్చింది. కళ్ళకు గంతలు కట్టి, చిన్న డైపరు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా, అభినయ మంచం పక్కనే నీలం లైటు కింద పడుకోబెట్టారు.

"ఈ వెలుతురుకు అంకె దిగాలి. ఇరవై రెండు దాటితే మాత్రం ఒంట్లో రక్తమంతా మార్చాలి. ఆలస్యం చేస్తే మెదడుకే దెబ్బ" అని డాక్టరమ్మ తమిళంలో నిదానంగా చెప్పింది. 

పుట్టిన బిడ్డకు మేము కొత్త బట్ట వేయం. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర చించి, పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, అదే కప్పుతాం. నన్నూ అలాగే పెంచారు, అభినయనూ అలాగే పెంచాను. మా అమ్మ కమలమ్మాళ్ చీర ముక్క ఒకటి ఈ పిల్ల కోసమే దాచిపెట్టి, పసుపు పెట్టి ఆసుపత్రికి తెచ్చుకున్నాను. ఆ ఏసీ గదిలో నూలుపోగు లేకుండా పిల్ల కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఏడుస్తుంటే నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. అభినయ మందుల మత్తులో కళ్ళు మూసిందో లేదో, ఆ గుడ్డ రెండు మడతలు వేసి పిల్లకు గొంతు నుంచి పాదాల దాకా కప్పేదాన్ని. ఏడుపు ఠక్కున ఆగిపోయేది. నర్సు సరణ్య చెప్పుల చప్పుడు వినపడగానే లాగేసి నడుములో దోపుకునేదాన్ని. దొంగపనే, నాకు తెలుసు. పలచటి నూలుగుడ్డే కదా, వెలుతురు దూరకుండా ఉంటుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం అంకె పద్దెనిమిదిన్నరకు ఎక్కింది. మరునాడు మధ్యాహ్నానికి ఇరవై. డాక్టరమ్మ ముఖంలో నవ్వు మాయమైంది. "దిగాల్సింది ఎక్కుతోందేమిటి? ముందు ఆ లైటును కొలిపించండి. సాయంత్రం ఐదుకు మళ్ళీ రక్తం చూద్దాం. ఎక్కితే ఇక ఆగేది లేదు, మార్చడమే" అని సరణ్యతో చెప్పి వెళ్ళిపోయింది. అల్లుడు జయప్రకాశ్ రక్తం ఏర్పాటు కోసం పరుగెత్తాడు.

ఆ లైటు కొలవడానికి అప్పుడొచ్చాడు ఆదిమూలం. సన్నటి మనిషి, యాభై ఉంటాయి. ఖాకీ చొక్కా, చంకలో స్టీలు టిఫిన్ డబ్బా. చెప్పులు వార్డు బయటే విప్పి వచ్చాడు. అభినయ పిల్లకు పాలిస్తుంటే, ఖాళీగా ఉన్న పరుపు మీదకు వంగి డబ్బా తెరిచాడు. లోపల దూది, దూదిలో రూపాయి బిళ్ళంత గుండ్రటి ముక్క, దానికొక తీగ, తీగ చివర అంకెలు చూపే చిన్న పెట్టె.

నాకు ఒళ్ళు మండిపోయింది. "లైటు భగభగ మండతా ఉంటే ఈయనెందుకు? బల్బు పెట్టేవాడికి పిల్లని ముట్టుకునే కాడ ఏంది పని? యాడ దొరుకుతారో ఇట్లాంటి మనుషులు!" అని అభినయతో తెలుగులో అన్నాను. అక్కడ అందరూ మాట్లాడేది తమిళమే, మన మాట ఎవరికి తెలుస్తుందిలే అని ధైర్యం.

ఆయన తలైనా ఎత్తలేదు. "ఇక్కడే ముదలియార్‌పేటలో దొరుకుతారక్కా" అన్నాడు. "బల్బు పెట్టేవాణ్ణే. మా ఇంట్లోనూ తెలుగే."

అభినయ కుట్లు పట్టుకుని నవ్వింది. నేను నాలుక కరుచుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో నా బిడ్డ నవ్వడం అదే మొదలు.

"వెలుగుతుండాది, నిజమే" అన్నాడు, బిళ్ళను తల ఉండే చోట పెడుతూ. "కానీ బిడ్డ ఒంటి మీద ఎంత పడతాందో కంటికి తెలీదక్కా. ఈ బిళ్ళకి తెలుస్తాది." తల దగ్గర ముప్పై రెండు, బొడ్డు దగ్గర ముప్పై నాలుగు, పాదాల దగ్గర ముప్పై. కాగితం మీద రాసుకున్నాడు. "ముప్పై ఉంటే మంచి మందు కింద లెక్క."

నా మాటకు పరిహారంగా, ఎన్నేళ్ళుగా ఈ పని అని అడిగాను.

"ఇరవై రెండేండ్లు. మొదట్లో ట్యూబు ఆరిపోతే మార్చేది, వెలిగితే వదిలేసేది, అంతే. ఆరేండ్ల ముందర ఈ మీటరు వచ్చె. తొలినాడు కొలిస్తే పదకొండు లైట్లలో నాలుగు సగం వెలుతురు కూడా ఈలా. చూసేదానికి అన్నీ బాగా వెలుగుతుండినవే! నేనే తుడిచి, బాగుండాదని నేనే చెప్పిన లైట్లు. వాటి కింద ఎంతమంది పిల్లకాయలు పడుకోనింటారు? ఆ పొద్దు నాకు అన్నం దిగలేదక్కా." అప్పటి నుంచి ఎవరూ చెప్పకపోయినా ప్రతి మంగళవారం అన్ని లైట్లూ కొలుస్తాడట. నా గాజు గొట్టం గుర్తొచ్చింది. ఇతనూ నా బాపతు మనిషే అనిపించింది.

"లైటులో తప్పేమీ లేదే! మరెందుకు దిగలా?" అని తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

పిల్లను మళ్ళీ పడుకోబెట్టాం. ఏడుపు మొదలైంది. అభినయ కళ్ళు మూసింది. నేను నడుములోని గుడ్డ తీసి కప్పాను. ఆదిమూలం పెన్ను మరిచిపోయాడట, వెనక్కి వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేని మనిషి, చప్పుడెక్కడిది?

"చలికి కప్పితే తప్పా?" అని నేనే ముందు ఎగిరాను. "పసుపుగుడ్డ పిల్లని ఏం చేస్తాది?"

ఆయన కోప్పడలేదు. "ఆ గుడ్డ ఒక తూరి ఈండక్కా" అన్నాడు. పిల్ల పక్కనే బిళ్ళ పెట్టాడు. ముప్పై నాలుగు. దాని మీద గుడ్డ వేశాడు. "మీరే చదవండి."

ఐదు.

తీస్తే ముప్పై నాలుగు. వేస్తే ఐదు. మూడోసారి ఆయన చేతిలోంచి లాక్కుని నేనే వేసి చూశాను. ఐదే.

"ఈ నీలం వెలుతురంటే పసుపు రంగుకి మహా ఆకలక్కా. వచ్చిందంతా అదే తినేస్తాది, బిడ్డకి మిగల్చదు."

అయ్యో నా తల్లీ! ఒక రోజుకు పైగా, బిడ్డ మందును నా చేతులతో నేనే అడ్డుకున్నాను. గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాను. ఆయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "డాక్టరమ్మకి చెప్పాల అక్కా. చెప్పకపోతే కామెర్లు లైటుకి లొంగలేదనుకోని రక్తం మారుస్తారు. నేను చెప్పేదా, మీరు చెప్తారా?"

"నేనే చెప్తా" అన్నాను.

తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. డాక్టరమ్మ ఒక్కటే అడిగింది, మొత్తం ఎన్ని గంటలు కప్పావని. ఒక్క గంట కూడా దాచకుండా చెప్పాను. "సరే, రక్తం సిద్ధంగానే ఉండనీ. ఇంకో లైటు కూడా పెట్టి, ఐదు దాకా చూద్దాం" అంది. తిరిగి వచ్చేసరికి నిద్ర లేచిన అభినయకు కూడా నేనే చెప్పాను.  అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆదిమూలం ఇంకో లైటు తోసుకొచ్చి పిల్లకు పక్కగా పెట్టాడు. కొలిచాడు, జరిపాడు, మళ్ళీ కొలిచాడు. తర్వాత స్టూలెక్కి, గాలి పిల్ల మీదికి రాకుండా ఏసీ రెక్క తిప్పాడు. "చలి అని మీరు చెప్పింది కూడా నిజమే అక్కా" అన్నాడు. అప్పుడు ఏడ్చాను నేను.

ఐదుకు రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా ఆయన డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు, డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సరణ్య కాగితం తెచ్చి చదివింది. "పద్దెనిమిది పాయింట్ ఆరు!" ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "సరి, నేను పోయొస్తానక్కా" అన్నాడు. మరునాటికి పద్నాలుగు, ఆ మరునాటికి పదకొండు. రక్తం మార్చే పని పడలేదు.

ఇంటికి పోయేనాడు పాలకోవా చేయించి తీసుకెళ్ళాను. ఒక్క ముక్క నోట్లో వేసుకుని, మిగతాది వార్డులో ఆయాలకు పంచాడు. "ఇంకేం కావాలయ్యా నీకు?" అంటే, "ఆ పసుపుగుడ్డ ఈండి" అన్నాడు. కాల్చేద్దామనుకుంటున్న ఆ పాడు గుడ్డ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇచ్చేశాను.

మూడున్నర నెలలకు పిల్లకు టీకా వేయించడానికి వెళ్ళాను. సరణ్యకు పిల్లను చూపిద్దామని అదే వార్డు వైపు నడిచాను. లోపల ఎవరో లాస్‌పేట నుంచి వచ్చిన ముసలామె, అచ్చం నాలాగే చెయ్యి తిప్పుతూ, "చలికి కప్పితే తప్పా?" అని తమిళంలో ఎగురుతోంది.  ఆదిమూలం డబ్బాలోంచి మా అమ్మ చీర ముక్క తీసి బిళ్ళ మీద వేశాడు. "మీరే చదవండమ్మా" అన్నాడు.

ఆమె చదివింది. ఇదీ ఒక బిడ్డకు కప్పిన గుడ్డేనని ఆయన చెప్పాడు. "ఏ మహాతల్లిదయ్యా ఈ గుడ్డ? ఆ బిడ్డ బతికిందా?" అని అడిగింది.

"ఒక అవ్వది. మనవరాలంటే ఆమెకి ప్రాణం" అన్నాడు. ఇన్ని నెలలుగా ఎందరికి చూపించాడో, నా పేరు మాత్రం ఎక్కడా బయటపెట్టలేదన్నమాట.

నేను ఆగలేకపోయాను. లోపలికి వెళ్ళి, "ఆ అవ్వను నేనేనమ్మా. ఇదిగో ఆ బిడ్డ" అన్నాను. పిల్ల ఆదిమూలాన్ని చూసి బోసినోటితో నవ్వింది. ఆయన దూరం నుంచే చూస్తూ నిలబడ్డాడు.

"ఎత్తుకో తంబీ" అన్నాను.

"నేనా? ఇన్నేండ్లలో ఒక్క బిడ్డని కూడా ముట్టుకోలేదక్కా. నా పని లైటు వరకే."

ఆ రోజు బల్బు పెట్టేవాడని నేనన్న మాట నాకే తగిలింది. పిల్లను ముందుకు చాపి పట్టుకున్నాను. ఆయన రెండు చేతులూ చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ ఒకసారి తుడుచుకుని, మా పిల్లను అందుకున్నాడు.