వేలెడు చేపకి ఎంత తొట్టి?

పాతపోస్టాఫీసు వీధిలో పీర్ మహమ్మద్ ఫొటోలకి ఫ్రేములు కట్టేవాడు. పెళ్ళి ఫొటోలు తెచ్చేవాళ్ళు తక్కువ, పెద్దకర్మ రేపనగా పరుగున వచ్చేవాళ్ళే ఎక్కువ. ఇన్నేళ్ళూ పోయినవాళ్ళ మొహాలే తుడిచి, అద్దం వేసి అప్పగించాడు పాపం.

అలాంటి మనిషికి డెబ్భై ఎనిమిది వేసవిలో ప్రాణమున్న బొమ్మ దొరికింది. చిన్ననాటి స్నేహితుడు గవర్రాజు అండమాన్ ఓడలో పనిచేస్తాడు. బిందెలో ఒక చేపని తెచ్చిచ్చాడు. వేలెడంత ఉంది. బూడిదరంగు ఒళ్ళు, నారింజ చారలు, నల్లతోక.

"మరుగుజ్జు ఏంజిల్ సేపంట బావా. ఇంతకన్నా పెరగదని మా ఇంజినీరు సెప్పాడు. బాగా సూసుకో."

"నాను సూసుకుంటాన్లే. ఇన్నాళ్ళూ సచ్చినోళ్ళకే కట్టాను. ఈసారి బతికిందానికి కడతాను," అన్నాడు పీర్ మహమ్మద్.

కట్టాడు. ఎలా అంటారా? అలవాటు ఊరుకుంటుందా! బొమ్మ కొలత తీసుకుని, చుట్టూ జానెడు అంచు వదిలి, ఇనప చట్రంలో అద్దాలు బిగించి లప్పం పెట్టాడు. గోడకి తగిలించడం ఒక్కటే తక్కువ. సైకిల్ మీద సముద్రపు నీళ్ళు తెచ్చి పోశాడు. అడుగున పాచిపట్టిన రాళ్ళు పరిచి, గాలిబుడగల మోటారు పెట్టాడు.

మే ఎండలకి రేకుల కప్పు కింద నీళ్ళు వేడెక్కి ఇగిరిపోయేవి. తగ్గినప్పుడల్లా మళ్ళీ సముద్రపు నీళ్ళే పోసేవాడు. చేప తిండి మానేసి, రాయి వెనక మూలకి చేరి ఎగశ్వాస పెట్టింది. అతనూ అన్నం మానేశాడు. "బతికినవి నా సేతులకి అచ్చిరావు" అంటూ కొట్టు మూసి కూర్చున్నాడు. ఎంత పిచ్చి మనిషో!

అతని భార్య చాంద్ సుల్తానా. ఆ ఇంట్లో ప్రేమలు ఉర్దూలో, తగువులు తెలుగులో. ఆవిడ తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఇదేటండీ, ఉప్పు కషాయం! పులుసు ఇగిరిపోతే నీళ్ళు పోత్తారా, మళ్ళీ ఉప్పేత్తారా? గిన్నెడు పులుసు సిటికెలో ఇగిరిపోద్ది, గుండిగెడు ఇగిరిపోద్దా? అయినా పెరగదన్నాడు గానీ, తిరగదన్నాడేటి గవర్రాజు? పెద్దదాన్లో పెట్టండి."

"ఎంత పెద్దది?"

"ఇంట్లో పట్టినంత."

ఇల్లంటే కొట్టు వెనక ఒక్క గది. ఆ గది నిండా ఆవిడ పుట్టింటివాళ్ళిచ్చిన టేకు మంచం. అంత నీటి బరువు మోయగలిగింది అదొక్కటే. ఆవిడ నడుం నొప్పి మనిషి, నేల మీద పడుకుంటే పొద్దున్న లేవలేదు. పీర్ మహమ్మద్ మంచం వైపు చూసి తల దించుకున్నాడు.

ఆవిడే పరుపు చుట్టి గోడకి ఆనించింది. "కొలుసుకోండి," అంది.

కొత్త తొట్టి తయారయ్యేదాకా పాతదాన్లో కాస్తకాస్తగా మంచినీళ్ళు కలిపి చేపని నిలబెట్టారు. మంచమంత పొడుగు తొట్టిలో వదిలాక అది రాళ్ళ సందులో దూరి కనిపించలేదు. మర్నాడు బయటికొచ్చి, ఈ కొస నుంచి ఆ కొసకి ఈది, రాతి మీద పాచి కొరుక్కు తింది. పీర్ మహమ్మద్ కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

మళ్ళీ ఓడ దిగి వచ్చిన గవర్రాజుకి, గోడ పట్టుకుని చాప మీంచి లేస్తున్న చాంద్ సుల్తానా కనబడింది.

"మంచం దానికిచ్చీసి నువ్వు నేల మీదేటప్పా? సేప కోసం ఇంత బాధా!"

"సేప కోసమని నీకెవులు సెప్పారు తమ్ముడా?" అంది ఆవిడ, ముందువైపు కొట్టులోంచి వినబడుతున్న సుత్తి చప్పుడు వింటూ. "మీ బావ మళ్ళీ కొట్టు తెరిసాడు."