ఓరచూపు మాస్టారు

మాస్టారు ఎవరినీ, దేన్నీ తిన్నగా చూసేవారు కారు. తల కాస్త వంచి, కనుబొమ్మ ఎత్తి, కుడి భుజం మీదుగా ఓరగా చూసేవారు. ఆ వయసులో, ఆ బట్టతలతో, ఆ చూపు! కాలేజీ ఊరుకుంటుందా? ఓరచూపు మాస్టారని పేరు పెట్టేసింది. ఆ పేరు చెవిన పడ్డా ఆయనకు కోపం రాలేదు. "పేరు పెట్టినవాడెవడో తెలివైనవాడయ్యా. వెలుగు ఓరగా పడితేనే అసలు సంగతి తేలేది" అని మురిసిపోయి, ఉన్నచోటే పాఠం మొదలుపెట్టేవారు.

ఎక్కడ మొదలుపెట్టినా ఆయన పాఠం ఒకటే. బతికున్న కణం నీళ్ళలో నీళ్ళలా ఉంటుంది. కింద దీపం పెట్టి పైనుంచి మైక్రోస్కోపులో చూస్తే, వెలుగంతా దాని గుండా దూసుకొచ్చేస్తుంది, కంటికి ఏమీ ఆనదు. రంగు వేస్తే కనిపిస్తుంది గానీ, రంగు పడగానే పాపం అది చచ్చిపోతుంది. అందుకని మాస్టారు దీపానికి సగం మేర అట్టముక్క అడ్డం పెట్టి, వెలుగును ఏటవాలుగా పంపేవారు. అంతవరకూ ఖాళీగా ఉన్నచోట గుండ్రటి అంచులు, నీడలు, లోపల కదిలే నలుసులు ఒక్కసారిగా తేలేవి. మొదటిసారి చూసినవాళ్ళు "అబ్బ!" అనేవాళ్ళు. ఆ "అబ్బ" కోసమే ఆయన బతికారేమో అనిపిస్తుంది.

ఆయన దగ్గర పరిశోధన చేసిన ఒకమ్మాయి ఇప్పుడు తనే పాఠాలు చెబుతోంది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఆమె ముఖం వెలిగిపోతుంది. అప్పట్లో ఆమెను అందరూ గుసగుస అని పిలిచేవారు. గొంతు అంతకు మించి లేచేది కాదు మరి. ఎదుటివాళ్ళు కళ్ళలోకి చూశారంటే ఆ కాస్తా కూడా ఆగిపోయేది.

మాస్టారి చంకలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు, జేబులో టార్చిలైటు. గొడుగు వాన కోసమనుకుంటే పొరపాటే. ఒకసారి ప్రయోగశాల బృందమంతా హోటలుకు వెళ్ళింది. మంచినీళ్ళ గ్లాసు రాగానే ఆయన దాని వెనక గొడుగు విప్పి, పక్కనుంచి టార్చి కొట్టారు.

"సార్, లోపల వాన పడదండీ" అన్నాడు నీళ్ళు తెచ్చినతను.

"వాన సంగతి కాదయ్యా. వెనక నలుపుండి, వెలుగు పక్కనుంచి వస్తే నీళ్ళలో నలుసు చుక్కలా మెరుస్తుంది. వంగి చూడు. ఏం కనిపించింది?"

"పక్క టేబులువాళ్ళు లేచిపోవడం కనిపించిందండీ."

నిజంగా వాన పడ్డ రోజున మాత్రం ఆ గొడుగును కోటు లోపల దాచుకుని, నిలువునా తడిసి వచ్చేవారు. తడిస్తే నలుపు వెలిసిపోతుందని ఆయన బెంగ.

ఇంట్లోనూ ఇదే వరస. "ఇన్నేళ్ళ కాపురంలో మీ మాస్టారు నా ముఖం సగమే చూశారే అమ్మాయీ. రెండో సగం ఎలా ఉందో నేనే అద్దంలో చూసుకోవాలి" అనేది ఆయన భార్య, కాఫీ అందిస్తూ.

"ఆ సగానికే తట్టుకోలేకపోతున్నానే" అనేవారు మాస్టారు, కిటికీ వైపు చూస్తూ.

ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఆయన పల్లెత్తు మాట అనేవారు కాదు. కణాన్ని దాటి వచ్చిన వెలుగు, ఖాళీలోంచి వచ్చిన వెలుగు కంటే రవ్వంత వెనకబడుతుంది. ఆ వెనకబాటునే నలుపు తెలుపులుగా మార్చి చూపించే ఖరీదైన మైక్రోస్కోపు ఒకటి ప్రయోగశాలలో ఉండేది. అందుకని ఎవరు ఆలస్యంగా వచ్చినా, "ఏం దాటుకుంటూ వచ్చావోయ్?" అని ఆసక్తిగా అడిగేవారు. సీనియర్లు దీన్ని బాగా వాడుకున్నారు. ఒకతను మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చి, "నిద్ర దాటుకుంటూ వచ్చాను సార్" అన్నాడు.

గుసగుస పరిశోధన చేపపిల్లల మీద. గాజులా ఉండే ఆ పిల్లల తోకకు గాయమైతే, దాన్ని మాన్పడానికి కణాలు ఎలా పాకివస్తాయో ఆమె కళ్ళారా చూసింది. అంతకు ముందెవరూ అంత శ్రద్ధగా చూడలేదని మాస్టారే అన్నారు. కానీ వైవా రోజున ముగ్గురు పరీక్షకులు వరసగా కూర్చుని ఆమె ముఖంలోకి చూసేసరికి నోరు పెగల్లేదు. "ఇంకొక్క అవకాశం ఇస్తాం. అప్పుడూ ఇంతే అయితే పట్టా మాట మరిచిపోవాల్సిందే" అన్నాడు వాళ్ళలో ఒకడైన శాఖాధిపతి. గుసగుస చేపల తొట్టె పక్కన కూర్చుని ఏడ్చింది. మాస్టారు వచ్చి పక్కన నిలబడి, ఆమెను కాకుండా చేపలనే చూస్తూ, "ఇవి కూడా పెద్దగా మాట్లాడవు కదమ్మా, అయినా వీటి గురించి మనకెన్ని సంగతులు తెలుసు!" అన్నారు.

రెండో వైవా రానే వచ్చింది. అదే గది, అదే ముగ్గురు, అవే చూపులు. గుసగుస నిలబడింది. శాఖాధిపతి గడియారం చూసుకున్నాడు.

మాస్టారు దిగ్గున లేచారు.

"ఆగండాగండి! ముందు స్లైడు చూడాలి. చూడకుండా ఏం అడుగుతారు?" అంటూ కిటికీలు మూశారు. దీపాలు ఆర్పారు. సందులోంచి ఎండ పడుతున్నచోట గొడుగు విప్పి అడ్డం పెట్టారు. నలుగురు ఒకేసారి చూడగలిగే పాత మైక్రోస్కోపును బల్ల మధ్యకు లాగి, జేబులోంచి ఒక స్లైడు తీసి పెట్టారు.

"ముగ్గురూ కళ్ళు ఆనించండి. తల ఎత్తితే చీకటికి అలవాటుపడ్డ కన్ను చెదిరిపోతుంది. మళ్ళీ మొదటికొస్తాం."

"నీలంగా ఉందేమిటండీ ఇది?" అన్నాడు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు. ఆయనది మొక్కల శాస్త్రం.

"చీకట్లో మొదట అలాగే ఉంటుంది. తల ఎత్తకండి. ఊఁ, అమ్మాయీ, చెప్పు."

ఎదురుగా మూడు నడినెత్తులు. ఒక్క కన్నూ ఆమె మీద లేదు. గుసగుస నోరు తెరిచింది. మాట వచ్చింది. తోక, గాయం, పాకివచ్చే కణాలు, దారి తప్పి వెనక్కి తిరిగే కణాలు, అన్నీ వచ్చాయి. వంగి ఉన్నవాళ్ళు వంగే ప్రశ్నలడిగారు, ఆమె నిలబడే జవాబులు చెప్పింది. చివరికి శాఖాధిపతి మెడ పట్టుకుని లేస్తూ, "ఇంత తెలిసి మొన్నెందుకు చెప్పలేదమ్మా? సరే, పట్టా ఇస్తున్నాం" అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆమె సామాను సర్దుతూ స్లైడును బయటికి తీసింది. నడుమ ముదురు నీలం మచ్చ! మొదటి సంవత్సరం పిల్లలకు చూపించే, రంగు వేసిన చేప తోక. పట్టపగలు దారిన పోయేవాడికైనా కనిపించేదానికి చీకటెందుకు, తల ఎత్తకూడదన్న ఆంక్ష ఎందుకు? ఆమె తెచ్చిన అసలు చేపపిల్ల గిన్నెలో హాయిగా ఈదుతోంది.

గుసగుస స్టూలు మీద కూలబడింది. తను తడబడ్డ ప్రతిసారీ ఆయన గోడనో తొట్టెనో చూస్తూ ఎంతసేపైనా ఆగడం గుర్తొచ్చింది. లోకాన్నంతా అలవాటుకొద్దీ ఓరగా చూసిన మనిషి, తనను మాత్రం కావాలనే అలా చూశారు. ఆ పెద్దాయన మీద ఆమెకు పట్టరానంత ప్రేమ కలిగింది. స్లైడు పట్టుకుని ఆయన గదికి పరుగెత్తింది.

"సార్, ఇది రంగు వేసిన స్లైడు కదా?"

"ఏదమ్మా?"

"ఇదే. ఇంత నీలంగా ఉంది!"

మాస్టారు దాన్ని తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, కిటికీకేసి పెట్టి ఓరగా చూశారు.

"నీలమా? ఏమోనమ్మా, నాకేం కనబడటం లేదు" అన్నారు.

నీళ్ళలో నీళ్ళలాంటి కణాన్ని జీవితమంతా వెంటాడి పట్టుకున్న మనిషికి సిరా ఒలికినంత నీలం కనబడలేదట! గుసగుసకు నవ్వు ఆగలేదు. పక్కగదిలోవాళ్ళు వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వుతూనే ఉంది.