దారి తెలియని నరసమ్మ

నరసమ్మకు దారులు గుర్తుండవు. మలయా దేశంలో బటాంగ్ బెర్జుంటై దగ్గరి ఆ రబ్బరు తోటలో ఈ సంగతి దొరగారి కుక్కకు కూడా తెలుసు. ఎక్కడికి బయల్దేరినా ఆమె పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి. లేకపోతే తూర్పుకు వెళ్ళాల్సింది పడమరకు వెళ్ళి, అక్కడ ఎవరింట్లోనో కాఫీ తాగి, తానెందుకు బయల్దేరిందో ఆ ఇంటివాళ్ళనే అడుగుతుంది.

ఒకసారి తోట ఆసుపత్రికి దగ్గు మందు కోసమని వెళ్ళి రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ కొట్టంలో తేలింది. అక్కడ పనిచేస్తున్న మొగుడు సూరిబాబు తలెత్తి చూశాడు.

"ఏటే, ఇలాగొచ్చినావు?"

"ఇది ఆసుపత్రి కాదేటి?"

"ఆసుపత్రే. డాక్టర్ని నానే. నాలిక సాపు."

సూరిబాబు తక్కువ మాట్లాడే మనిషి. మీ ఆవిడ మళ్ళీ దారి తప్పిందయ్యా అని ఎవరొచ్చి చెప్పినా, "మరి తప్పదా," అని తన పని తాను చూసుకునేవాడు.

ఇంత దారి తెలియని మనిషికి మళ్ళీ ఊళ్ళు చూడాలన్న పిచ్చి. రేవులో ఓడలు చూడాలి, మోరిబ్‌లో సముద్రం చూడాలి, బటు గుహల మెట్లెక్కాలి. రోజులు చూస్తే అలాంటివి కావు. అడవిలోని కమ్యూనిస్టుల మీద ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టి ఏళ్ళు గడుస్తున్నాయి. కూలీలుండే లైన్ల చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకుల కాపలా, పొద్దుగుంకితే ఎవరూ గడప దాటకూడదు. అడవిలోకి చేరుతుందని గుప్పెడు బియ్యం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. బతికుంటే చాలురా దేవుడా అని అందరూ అనుకుంటున్న ఆ రోజుల్లో నరసమ్మ ఒక్కతే, "ఈ ఆదివారం ఎక్కడికెల్దాం?" అనేది.

తోడుకు మనిషిని ఎంచుకోవడం కూడా ఆమెకు చేతకాదని చెప్పుకునేవారు. కూలీల మీద పెత్తనం చేసే కంగాణి భార్య వళ్ళియమ్మై నెలనెలా క్లాంగు రేవుకు వెళ్ళి వచ్చే మనిషి. తనంతట తానే వచ్చి, నేను తీసుకెళ్తానంది. నరసమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వు బేగి నడుస్తావు లాహ్. నాను ఎనకబడిపోతాను."

ఆమెను కాదని మీనాచ్చిని వెంటబెట్టుకుంది. మీనాచ్చి కాపురానికి వచ్చాక గేటు దాటిన పాపాన పోలేదు. క్లాంగు ఏ దిక్కున ఉందో కూడా ఆమె ఎరగదు. గుడ్డిదానికి గుడ్డిది తోడని లైనంతా నవ్వుకుంది. చీకటి పడకముందే ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. మీనాచ్చి మాత్రం ఓడల గురించి చెప్పిందే చెప్పి ఎవరినీ నిద్రపోనివ్వలేదు.

మోరిబ్ ప్రయాణం ఇంకో కథ. నరసమ్మ గంగాళం నిండా పులిహోర కలిపి, ఆడవాళ్ళందరితో లారీ ఎక్కబోతే కాపలా పకీరిసామి అడ్డుపడ్డాడు.

"సోరు కూడాదు, అక్కా. అన్నం గేటు దాటకూడదు."

"వండిన అన్నమే గదా తమ్ముడా."

"వండినదైనా అంతే."

"కడుపులో ఉన్నది దాటొచ్చా?"

పకీరిసామి ఆలోచనలో పడ్డాడు. రూల్సులో ఆ మాట లేదు. నరసమ్మ అందరినీ కంచె పక్కనే బంతి కూర్చోబెట్టి గంగాళం ఖాళీ చేయించింది. పకీరిసామికీ ఒక ఆకు వేసింది. తీరా మోరిబ్ చేరాక సముద్రాన్ని చూసిన వాళ్ళు తక్కువ. భుక్తాయాసంతో ఇసుకలోనే నిద్రపోయారు.

ఈ వింతలు విని నవ్వేవాళ్ళలో రత్నావతి కూడా ఉండేది, కాకపోతే కిటికీ లోపలి నుంచి. ఆమె కూర్మమ్మ కోడలు. పుట్టిల్లు ఉత్తరాన ఇపో ఊరి దగ్గర ఒక తోటలో. పెళ్ళయి వచ్చి ఆరేళ్ళయినా తల్లి ముఖం మళ్ళీ చూడలేదు. కూర్మమ్మ చెడ్డది కాదు. రవాంగ్ రోడ్డు మీద కమ్యూనిస్టులు కాల్చేసిన బస్సును ఒకసారి కళ్ళారా చూసింది. ఆనాటి నుంచి గేటు అవతల లోకమంతా ఆమెకు ఆ బస్సులాగే కనిపించేది. కొడుకు పైడిరాజు రబ్బరు పాలు తీయడానికి వెళ్ళి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి ఉండేది. ఇక కోడలు ఊరు వెళ్తానంటే ఊరుకుంటుందా?

"రోడ్లు సల్లబడనియ్యే, ఎల్దువు గానీ," అనేది.

రోడ్లు చల్లబడలేదు. ఈలోగా ఒక లారీ డ్రైవరు ఒక కబురు మోసుకొచ్చాడు. రత్నావతి తల్లి చిన్నతల్లి పాత తోట విడిచిపెట్టి ఇపో టౌనుకు మారిపోయిందట. బుంతోంగ్ వైపు ఎక్కడో ఉంటుందట. అంతకుమించి అతనికి తెలియదు. ఆ రాత్రి రత్నావతి అన్నం ముట్టలేదు. ఇన్నాళ్ళూ అమ్మ దూరంగానైనా ఫలానా చోట ఉందన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు ఆ చోటు కూడా లేకుండా పోయింది. మర్నాడు కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా నిలబడితే, నరసమ్మ వచ్చి కుళాయి కట్టేసి ఏమైందని అడిగింది. రత్నావతి చెప్పింది.

"బుంతోంగా? అదెటుంది?" అంది నరసమ్మ. ఈమెకు చెప్పుకున్నానేమిటా అని రత్నావతి తనను తానే తిట్టుకుంది.

ఆ తరువాత కొన్నాళ్ళు నరసమ్మ తోటలో కనబడలేదు. చెల్లెలికి పురుడట, సాయం వెళ్ళిందట.

ఆగస్టులో మెర్డేకా వస్తోందన్నారు. దేశానికి స్వాతంత్ర్యం, తోటకు సెలవు. అందరూ కోలాలంపూర్ వెళ్ళి జెండా చూస్తామంటే నరసమ్మ ఇపో వెళ్తానని కూర్చుంది.

"అక్కడేటుంది నీకు?" అని అడిగింది వళ్ళియమ్మై.

"గునుంగ్ చెరో గుహలో సుబ్రమణ్యసామికి మొక్కుకున్నాను."

"ఏటని?"

"దారి తప్పకుండా సూడమని."

"ఆ మొక్కు తీరలేదు గదే."

"అందుకే ఎల్లి నిలదీస్తాను."

ఈసారి తోడుకు ఆమె ఎంచుకున్నది రత్నావతిని. అదే మాట కూర్మమ్మతో అంటే కూర్మమ్మ తలుపు మూసింది. తలుపు మూస్తే కిటికీలోంచి అడిగింది, కిటికీ మూస్తే కుళాయి దగ్గర పట్టుకుంది, కుళాయికి కొడుకును పంపితే పెరటి వైపు నుంచి వచ్చింది. చివరికి కూర్మమ్మ విసిగిపోయింది.

"రోడ్డు మీద బస్సుని కాల్చీసినారు. నా కళ్ళతో సూసినాను. నీకేటి తెలుసే?"

నరసమ్మ ముఖంలో నవ్వు పోయింది. "నానూ సూసినానప్పా. అది సూసినాక మరింకేటీ సూడకుండానే సచ్చిపోవాలా?"

కూర్మమ్మ చేతిలోని బియ్యం చేటను కిందపెట్టింది.

"మీ ఇద్దర్నీ పంపితే సయాం దేశంలో తేల్తారు. నాను కూడా వస్తాను."

"నువ్వా అప్పా? నీకు మోకాళ్ళ నొప్పులు గదా. వద్దులే."

"నా మోకాళ్ళతో నీకేటి పని? వస్తానంటే వస్తాను."

నరసమ్మ దిగులు ముఖం పెట్టుకుని వెళ్ళిపోయింది. మలుపు తిరిగాక ఆమె నడక తేలికపడినట్టు రత్నావతికి అనిపించింది గాని, తన సంతోషంలో తాను ఉండి పట్టించుకోలేదు.

సెలవు రోజు తెల్లవారగానే రవాంగ్ బస్సెక్కారు. దారిలో పోలీసులు ఐడెంటిటీ కార్డులు చూపించమన్నప్పుడల్లా కూర్మమ్మ ముగ్గురివీ తన గుప్పిట్లోంచే చూపించింది. ఆ బస్సు కాలిన చోటు దగ్గరపడుతుంటే కళ్ళు మూసుకుంది. రత్నావతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అత్తా, సూడు."

కూర్మమ్మ ఒక కన్ను తెరిచింది. అక్కడ ఒకాయన అనాసపళ్ళు అమ్ముతున్నాడు. కూర్మమ్మ రెండో కన్ను కూడా తెరిచి, బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి అతన్నే చూసింది.

రవాంగ్‌లో రైలెక్కాక, కాపలాకని చెప్పి కిటికీ పక్కన కూర్చుంది. ఇక అక్కడి నుంచి ఆమెను ఎవరూ లేపలేకపోయారు. స్టేషను వచ్చినప్పుడల్లా నరసమ్మ, "ఇదేనా ఇపో?" అనేది. కూర్మమ్మ కోడలి చేత బోర్డు చదివించుకుని, అంతా తనకు ముందే తెలిసినట్టు, "ఇది తాపా రోడ్డు. నోరు మూసుకుని కూర్సో," అనేది. తగరం గనుల తవ్వకాల్లో నిలిచిన నీళ్ళు చూసి నరసమ్మ సముద్రమంది.

"మోరిబెల్లి నిద్దరోయినదానివి, సముద్రం సంగతి నీకేటి తెలుసు?" అంది కూర్మమ్మ.

ఇపో దగ్గరపడేసరికి సున్నపురాతి కొండలు నేలలోంచి నిట్టనిలువుగా పైకి లేచాయి. కూర్మమ్మ కోడలి వైపు తిరిగింది.

"కొండలు ఇలాగ కూడా నిలబడతాయేటే?"

"మా ఊరి కొండలత్తా," అంది రత్నావతి. కాపురానికి వచ్చాక అత్తగారు తనను ఒక సంగతి అడగడం, తాను చెప్పడం అదే మొదలు.

ఇపో అంతా జెండాలు, బాండు మేళాలు, జనం. "నా ఎనక రండి," అని కూర్మమ్మ ముందు నడిచింది. మార్కెట్టు దాటించింది, వంతెన దాటించింది, సందులన్నీ తిప్పి మళ్ళీ స్టేషను ముందుకే తెచ్చింది. రెండోసారి ఇంకో దారిన బయల్దేరి మళ్ళీ అదే స్టేషను. నరసమ్మ నోరు విప్పలేదు. చివరికి అడిగి అడిగి బుంతోంగ్ చేరితే, అది ఒక వీధి కాదు, ఊరికి ఊరు. చిన్నతల్లి పేరు చెబితే ఎవరూ ఎరగమన్నారు. ఎండ వాలుతోంది. తెల్లారేసరికి తోట గేటు చేరాలంటే రాత్రి రైలు అందుకోక తప్పదు. రత్నావతి ఒక మూసిన కొట్టు మెట్టు మీద కూలబడింది.

"ఎల్లిపోదాం అత్తా. కనీసం ఊరు సూసినాను."

కూర్మమ్మ రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కోడలి పక్కనే కూర్చుంది. దారి తప్పించింది తానేనని ఆమెకు తెలుసు.

నరసమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నిట్టూర్చి, పైట బిగించి నడుముకు దోపుకుంది.

"లెగండి. ఇటు."

అది మునుపటి గొంతు కాదు. నూనె మిల్లు పక్కన తిరిగింది, కాఫీ కొట్టు వెనక సందులో దూరింది. ఎక్కడా ఆగి చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఒక మురుగు కాలువ మీద పలక వేసి ఉంది.

"ఎడం పక్కన అడుగెయ్యప్పా. కుడి పక్క కదుల్తాది," అంది నరసమ్మ.

కూర్మమ్మ ఎడం పక్కనే అడుగేసింది. దాటాక వెనక్కి తిరిగి ఆ పలకను చూసింది, నరసమ్మను చూసింది.

ఆ సందు చివర ఒక వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని ఒకావిడ మురుకులు వేయిస్తోంది. అడుగుల చప్పుడుకు తలెత్తింది.

"వచ్చినావా నరసమ్మా? మెర్డేకాకి తెస్తానన్నావు, మరి మా గుంట..." అంటూ వెనకాల ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది. జల్లిగరిటె మూకుట్లో పడింది. రత్నావతి పరుగెత్తుకెళ్ళి తల్లి మెడ చుట్టుకుంది. చిన్నతల్లి ఏడుస్తూనే, "మాడిపోతన్నాయే, ముందు అవి తియ్యనియ్," అని కూతుర్ని కసిరింది.

కూర్మమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఈవిడ ఇక్కడికి ఎప్పుడొచ్చినాది?"

"పోయిన నెల్లోనమ్మా," అంది చిన్నతల్లి. "ఒక్కతే వచ్చింది. బుంతోంగంతా ఇల్లిల్లూ అడిగిందట. రోడ్డు ఎలాగుందో నా కళ్ళతో సూడందే పరాయోళ్ళ పిల్లని తేలేనంది."

నరసమ్మ మురుకుల పళ్ళెం తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు చూస్తోంది.

"పోయిన నెల మీ సెల్లి పురుడన్నావు గదే," అంది కూర్మమ్మ.

"నాకు సెల్లెల్లేదప్పా."

"మరి క్లాంగు? మోరిబ్?"

"అన్నీ ముందు సూసొచ్చినవే."

"మరెందుకే ఇన్నేళ్ళూ ఈ ఏసాలు?"

"దారి తెలుసంటే, మరి ఒక్కదానివే ఎల్లు అంటారు గదప్పా," అంది నరసమ్మ.

రత్నావతికి మీనాచ్చి గుర్తొచ్చింది. మోరిబ్ ఇసుకలో నిద్రపోయిన ఆడవాళ్ళందరూ గుర్తొచ్చారు. వాళ్ళలో ఒక్కరికి కూడా ఊరు చూసొస్తానని ఇంట్లో అడిగే ధైర్యం లేదు. నరసమ్మకు తోడు వెళ్ళమంటే మాత్రం ఏ ఇంటివాళ్ళూ కాదనలేదు.

కూర్మమ్మ వచ్చి పొయ్యి పక్కన కూర్చుని ఒక మురుకు తీసుకుని కొరికింది. అది పూర్తిగా తిని, చేతులు దులుపుకుని లేచింది.

"రత్నా, నువ్వు మీ అమ్మ కాడ నాలుగు రోజులుండు. పైడిరాజు వచ్చి తీసుకొస్తాడు. ఈ నరసమ్మని నాను ఇంటికి సేర్సాలి. లేకపోతే తప్పిపోతాది." ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగి, "ఇక్కడి మాట లైన్లో పడిందంటే ఊరుకోను," అని చిన్నతల్లికి కూడా కలిపి చెప్పింది.

రత్నావతి మొగుడితో తోటకు తిరిగొచ్చేసరికి ఇంట్లో అత్తగారు లేదు. వెతుక్కుంటూ వెళ్తే లైను చివరి ఇంటి అరుగు మీద కనిపించింది. ఆ ఇంటి కోడలు కాళియమ్మ తలుపు చాటున నిలబడి ఉంది. పెళ్ళయినప్పటి నుంచి అదే ఆమె చోటు. కాళియమ్మ అత్తగారి ఎదుట కూర్మమ్మ తల పట్టుకుని కూర్చుంది.

"ఆ నరసమ్మతో ఏగలేకపోతన్నానమ్మా. పినాంగులో కార్లని ఓడెక్కించి దాటిస్తారట, అది సూడాలంటది. ఒక్కదాన్నే పంపినామనుకో, ఓడ మారిపోయి ఇండియాలో దిగుతాది. పాపం, సూరిబాబు మొకం సూసైనా ఎవులో ఒకరు తోడెల్లాలి గదా. మీ కాళియమ్మ నెమ్మదైన పిల్ల..."

అంతలో రత్నావతి కనిపించింది. నవ్వావంటే చూసుకో అన్నట్టు ఆమె వైపు ఒక్క చూపు చూసి, కూర్మమ్మ అరుగు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.