అడగని పాస్‌వర్డ్

నాకు ముక్కు మీదే కోపం. ఈ సంగతి మా కాలేజీలో ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి క్యాంటీన్ దాకా అందరికీ తెలుసు. అందుకే ఆ శనివారం మధ్యాహ్నం నేను సర్వర్ గది తలుపు ధడాలున వేసి బయటికొస్తే, ఏమైందని ఒక్కరూ అడగలేదు.

కాలేజీ వట్లూరులో. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చి కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సోమవారం పొద్దున్న పరీక్షలవాళ్లు తనిఖీకి వస్తున్నారు. మా ల్యాబ్‌ని ఆన్‌లైన్ పరీక్షకు సెంటరుగా ఉంచాలంటే వాళ్లదొకటే షరతు: ఆ కంప్యూటర్లు మిగతా కాలేజీతో కలవకుండా విడిగా ఉండాలి. ఆ విడదీయడమేదో స్విచ్‌లో చెయ్యాలి. కాలేజీలో ఉన్న కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె అది. ఆ పని కాకపోతే సెంటరు విజయవాడకు పోతుంది. కొల్లేరు లంకల నుంచి వచ్చే మా పిల్లలు మూడు బస్సులు మారాలి. ఆడపిల్లలైతే కొందరిని ఇళ్లల్లో పరీక్షే మానిపిస్తారు. ఊహించి చెప్పడం లేదు, కిందటేడు ఇంకో పరీక్షకి ఇలాగే జరిగితే చూశాను.

"పది నిమిషాల పనండీ" అని ప్రిన్సిపాల్ గారికి గొప్పగా చెప్పి వచ్చాను. స్విచ్ పాస్‌వర్డ్ అడిగింది. అది ఎవరికీ తెలియదు.

పెట్టింది నాకు ముందు ల్యాబ్ చూసిన సారు. ఆయన రిటైరై రెండేళ్లయింది. వీడ్కోలు సభలో శాలువా కప్పాం, దండ వేశాం, పూతరేకులు పంచాం, ఒకరి తర్వాత ఒకరం పొగిడాం. పాస్‌వర్డ్ మాత్రం అడగలేదు. ఎలా అడుగుతాం? వెళ్లిపోతున్న పెద్దమనిషిని పట్టుకుని తాళాలిచ్చి వెళ్లండి అన్నట్టుండదూ! అదీ మా గోదావరి మర్యాద. ఆ మర్యాదను తలుచుకుని ఆ రోజు నా తల నేనే బాదుకున్నాను.

ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తారు. వాళ్లది భీమడోలు అవతల, కొల్లేటి దగ్గర ఊరు.

"సారుకి జ్ఞాపకం నిలవట్లేదమ్మా" అన్నారావిడ. "పొద్దున్న టిఫిన్ తిన్నారో లేదో కూడా నన్నే అడుగుతున్నారు."

ఆయన బాగోగులు అడగాల్సింది పోయి, "ఒక్కసారి పాస్‌వర్డ్ అడిగి చూడండి ఆంటీ" అన్నాను. నా నోరు అలాంటిది. ఆవిడ అడగడం వినిపించింది. కాసేపటికి ఆయనే ఫోన్ తీసుకున్నారు.

"గుర్తు లేదమ్మా. నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

"మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెడతానండీ. నెట్‌లో అలాగే రాశారు."

"అయ్యబాబోయ్! ముట్టుకోకు. రేపు చర్చి అవగానే వస్తాను."

గుర్తు లేని మనిషి వచ్చి మాత్రం ఏం చేస్తారని గొణుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం పదకొండింటికి ఇద్దరూ బస్సు దిగారు. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. ఆవిడ ఒక చేతిలో బైబిలు సంచి, ఇంకో చేతిలో క్యారేజీ. "ఆదివారం పూట క్యాంటీనుండదు కదమ్మా, కొర్రమేను పులుసు తెచ్చాను" అన్నారు. పాతికేళ్లు తిరిగిన వరండాలో సారు లైబ్రరీ వైపు తిరిగిపోయారు. నేనే చెయ్యి పట్టుకుని సర్వర్ గదికి తీసుకెళ్లాను. లోపలికి రాగానే, స్విచ్ మీద మినుకుమినుకుమనే ఆ పచ్చ దీపాలు చూసి ఆయన నడుం నిటారైంది.

"ఆ నీలం కేబుల్ నీ ల్యాప్‌టాప్‌కి పెట్టమ్మా. స్విచ్ ముందువైపున్న ఈ బటన్ నేను నొక్కి పట్టుకుంటాను. నువ్వు కరెంటు తీసి మళ్లీ పెట్టు. నేను చెప్పేదాకా ఏమీ కొట్టకు."

కరెంటు తీసి పెట్టాను. నాలుగు క్షణాలు గడిచాయో లేదో, ఆయన వేలు తీసేసి నా వైపు చూశారు.

"ఇది ఎందుకు పట్టుకున్నానమ్మా?"

ఇంకెవరైనా అయితే అరిచేసేదాన్ని. "పాస్‌వర్డ్ కోసమండీ" అని మళ్లీ కరెంటు తీశాను. ఆంటీ వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. రెండోసారి ఆయన బొటనవేలి మీద తన వేలు వేసి ఆవిడ నొక్కి పట్టుకున్నారు. ఈసారి పట్టు సడల్లేదు. తెర మీద అక్షరాలు మారాయి. పాస్‌వర్డ్ అడగలేదు.

"చూశావా? ఇప్పుడు సెట్టింగులున్న ఫైల్ని చెరపకు. పేరు మార్చు చాలు. పేరు మారితే స్విచ్‌కి ఫైల్ కనబడదు, పాస్‌వర్డ్ ఉందన్న సంగతే తెలియదు. లోపలికెళ్లాక పాత పేరు మళ్లీ పెట్టి, దాన్ని పిలుచుకో."

అలాగే చేశాను. అన్నీ ఎక్కడివక్కడ వచ్చాయి. తెర మీద ఒక్కో కేబుల్ నంబరు పక్కనా ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టారు. ఇది లైబ్రరీ అండీ. ఇది హాస్టల్ అండీ, వానాకాలం కొంచెం చూసుకోండి. ఇది ఆఫీసు, పీకేముందు చెప్పండి. మిషన్‌కి కూడా అండీ పెట్టిన మనిషి! నేను ముందు రోజు చెరిపెయ్యబోయింది ఇదంతా. ఇంకెక్కడా రెండో కాపీ లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే, "ఛ ఛ, లే అమ్మా" అని కంగారుపడ్డారు.

కొత్త పాస్‌వర్డ్ ఆయన్నే పెట్టమన్నాను. వద్దని, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. "ఇంకొకరు పాస్‌వర్డ్ కొడుతుంటే చూడకూడదమ్మా" అన్నారు. అలా గోడకేసి చూస్తూనే అడిగారు.

"నేను వెళ్లిపోయే రోజు మీరెవరూ అడగలేదేం?"

"మీకు కష్టంగా ఉంటుందేమోనండీ."

"కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. సభ అయ్యేదాకా చూశాను, అడిగితే ఇద్దామని. అడక్కుండా ఇస్తే, నేను లేకపోతే మీకు నడవదన్నట్టు ఉంటుంది కదా?"

"ఆ చొక్కా ఉతికేశానమ్మా" అన్నారు ఆంటీ నెమ్మదిగా. "జేబులో ముద్దైపోయి వచ్చింది."

పులుసన్నం తిని, ల్యాబ్ విడదీసే పని ముగించాను. నిజంగానే పది నిమిషాలు పట్టింది. సోమవారం తనిఖీవాళ్లు చూసి సంతకం పెట్టారు, సెంటరు మాకే ఉండిపోయింది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఎవరూ అడక్కుండానే ప్రిన్సిపాల్ గారి చేతికిచ్చాను.

ఆ ఆదివారం సాయంత్రం వాళ్లను బస్సెక్కించడానికి వెళ్లాను. భీమడోలు బస్సు వచ్చి ఆగింది. సారు మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, కంగారుగా వెనక్కి తిరిగారు.

"స్విచ్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉండిపోయిందమ్మా. ఎవరైనా అడిగారా?"

"నేను అడిగానండీ సార్."

"ఇచ్చానా?"

"ఇచ్చారండీ."

ఆయన చొక్కా జేబు తడిమి చూసుకున్నారు. ఖాళీగా ఉంది. "హమ్మయ్య" అని నవ్వి బస్సెక్కారు.