కాలు బాగానే ఉంది

పోయిన వారం కళ్యాణదుర్గం బస్సులో పక్క సీటు నుంచి పౌడరు, చెమట, తడిసిన గుడ్డ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. తల తిప్పి చూడకముందే తెలిసిపోయింది, అక్కడ కూర్చున్నాయనది పెట్టుడు కాలని. ఓబులమ్మక్క గుర్తొచ్చింది. బాధ కంటే ముందు కోపం వచ్చింది. ఆమెను తలచుకుంటే నాకెప్పుడూ అంతే.

నేను కంబదూరు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో కొత్త నర్సుగా చేరినప్పుడు ఆమె నా సీనియరు. వయసులో ఉండగా ఆటో బోల్తాపడి, కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఉచిత శిబిరంలో ఇచ్చిన ప్లాస్టిక్ కాలితోనే ఏళ్ల తరబడి పల్లెలు తిరిగింది. టీకా వద్దని తలుపేసుకున్న ఇంటి పెద్దను వీధిలోకి పిలిచి, "ఏమప్పా, బిడ్డ పెద్దదా, నీ పంతం పెద్దదా?" అని నిలదీసేది. నాకు పని నేర్పింది ఆ గొంతే.

ఒక ఎండాకాలం, దున్ని వదిలేసిన వేరుశనగ చేల మధ్య నడుస్తూ ఆమె గట్టు మీద కూలబడింది. కాలు ఊడదీసి వంచితే లోపలి చెమట నేల మీదికి కారింది. మొండికాలి చివర చర్మం ఒరుసుకుపోయి పచ్చి పుండయింది. అన్నేళ్లలో మొండికాలు సన్నబడి, పెట్టుడు కాలు వదులైపోయింది. ఆ సందులో పాత చీర పేలికలు కుక్కుకునేది. కుంటుతూ బరువంతా ఎడమ వైపు వేసి వేసి ఆ మోకాలు అరిగిపోయింది, నడుము పట్టేసింది.

"నొప్పి ఎక్కడుందక్కా?" అన్నాను.

"యాడ లేదో అడుగు పాపా. తీసేసిన పాదం గూడా రాత్రంతా మండుతాది. లేని దానికి ఏం మందు పూసేది?"

మళ్లీ శిబిరం పెట్టినప్పుడు ఆమె వెంట నేనూ వెళ్లాను. అక్కడి పెద్దమనిషి ఆ కాలును చేతిలోకి తీసుకుని తట్టి చూశాడు. "పగల్లేదు, విరగలేదు. కాలు బాగానే ఉంది కదమ్మా. కొత్తవి కొత్తవాళ్లకే."

"కాలు బాగుండాది లేప్పా. నేను బాగలేను. కాలును సూసినావు, నన్ను సూడు."

ఆయన చూడలేదు. పైగా, కొత్తవాళ్లకు ధైర్యం వస్తుంది, ఒకసారి వేదిక మీద నడిచి చూపించమన్నాడు. అక్క ఆయన చేతిలోంచి కాలు లాక్కుంది. "నడిసేది సూస్తారు గానీ, నడిసినాక మాకేమైతాదో సూడరు. మీ ఫోటోకు నేను రాను పో."

మా ఆఫీసులోనూ అంతే. కూర్చుని చేసే పని ఇవ్వమని అడిగితే, "బాగానే నడుస్తున్నారుగా" అన్నాడు పై అధికారి. నొప్పి దిగమింగి నడవడమే ఆమె చేసిన నేరమైంది. పుండు మానకముందే మళ్లీ పల్లెలు తిరిగింది. చీము ఎముక దాకా పోయింది. ఈసారి మోకాలి పైదాకా తీసేశారు.

ఆస్పత్రి మంచం మీద ఆమె ఏడవలేదు. "మోకాలు పోయినాక ఇచ్చినారు పాపా, కుర్చీ పని. ముందే ఇచ్చింటే మోకాలన్నా మిగిలేది," అంది. ఆ తర్వాత పెట్టుడు కాలి జోలికి పోలేదు. చంకకర్రలతో వచ్చి, టీకాల గదిలో కూర్చుని పనిచేసి రిటైరైంది. ఇప్పుడు యాడికి అనే ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఎడమ మోకాలు కూడా మొరాయించి, వాకిలి దాటలేకపోతోంది.

పెట్టుడు కాలి మీద నాకు కోపం లేదు. అది లేకుంటే ఆమె అన్ని ఊళ్లు నడిచేదే కాదు. కాలు ఇచ్చి, ఫోటో తీసుకుని, మళ్లీ ఆ మనిషి వైపు చూడనివాళ్ల మీదే నా కోపం. ఇప్పుడు నా దగ్గరికి పెట్టుడు కాలున్న వాళ్లెవరొచ్చినా, జ్వరమని వచ్చినా సరే, తలుపేసి కాలు ఊడదీయించి మొండికాలు చూస్తాను. సమావేశాల్లో ఇచ్చిన కాళ్ల గురించి గొప్పలు చెబుతుంటే, ఆ తర్వాత అవి పెట్టుకున్నవాళ్ల పుండ్లు ఎవరు చూశారని లేచి అడుగుతాను.

"కూర్చోండమ్మా" అంటారు.

జవాబు చెప్పేదాకా కూర్చోను.