మా అక్క పెళ్లిని తిరగేసిన కథ

ఆరడుగుల తెర కట్టించి, ఊరందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి మరీ పరువు పోగొట్టుకునే భాగ్యం అందరికీ దక్కదు. నాకు దక్కింది. విరుదునగర్‌లో, మా బావ అరవయ్యో పెళ్లిలో, అంటే షష్టిపూర్తిలో. అయితే పోయిన పరువులో నాది సగమే. మిగతా సగం ఎవరిదో చెబుతాను, ఆగండి.

అక్క పెళ్లి ఆల్బంను చెదలు జిగురుతో సహా తినేశాయి. మిగిలింది ఒక డబ్బాలో నెగటివ్‌లు. అక్క కోవిల్‌పట్టిలో ఉండే నాకు ఫోన్ చేసింది.

"నా పెండ్లిదని చూపించేకి ఇంట్లో ఒక్క పొటో లేదే. అరవయ్యో కల్యాణంలో అందరికీ చూపించాల. నాకు నచ్చింది ఒకటి పెద్దది చేసి గోడకు తగిలించుకోవాల. చేసిపెడతావా?"

ఆ గొంతుకు కరిగి స్టూడియోకు పరుగెత్తాను. స్టూడియో ఆయన చెప్పిన ధరకు ఇంకో పెళ్లే చేయొచ్చు. "ఇంట్లో నేనే చేసుకుంటాను" అన్నాను. పాపం మంచివాడు, తమిళంలో ఓపికగా చెప్పాడు.

"చేసుకోండమ్మా. ఫిల్ముకు మెరిసే వైపు, మసక వైపు రెండుంటాయి. మెరిసే వైపే మీ ఫోన్‌కు ఎదురుగా ఉండాలి."

"మసక వైపు ఉంటే?"

"తప్పమ్మా."

"ఎలా తప్పు? జల్లెడ తిరగేస్తే రంధ్రాలు మూసుకుపోతాయా?"

ఆయన అగరబత్తి వెలిగించే నెపంతో లోపలికి వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను మీరు చూసే ఉంటారు. నా కుందేలు ఈదుతుంది కూడా.

కడలమిట్టాయి, అంటే మా ఊరి పల్లీ చిక్కీ, వచ్చిన అట్టపెట్టెకు కిటికీ కోశాను. లోపల మా ఆయన ట్యాబ్‌లో తెల్లటి తెర వెలిగించాను. నెగటివ్‌ను అగ్గిపెట్టెలతో నొక్కిపెట్టి ఫోన్‌తో తీశాను. మెరిసే వైపు పైకి పెడితే ప్రతి ఫొటోలోనూ ట్యూబ్‌లైట్ ప్రతిబింబం రెండో పెళ్లికొడుకులా నిలబడింది. మసక వైపు పైకి తిప్పితే మాయం! లైట్ ఆర్పేస్తే పోయేదిగా అంటారా? మీరప్పుడక్కడ లేరు. మొత్తం ముప్పై ఆరూ అలాగే తీసి, ఫోన్‌లో నలుపును తెలుపు చేసి, అక్క కూతురికి పంపేశాను.

పెళ్లిలో ఆ పిల్ల లాప్‌టాప్ నొక్కుతుంటే తెరమీద బొమ్మలు మొదలయ్యాయి. ముందు లేచింది బావ మేనత్త.

"ఏమే, ఆడోళ్లందరికీ పైట కుడి బుజాన ఉండాదే?"

"అప్పటి ఫ్యాషన్ అత్తా."

"నాకు తెలీని ఫ్యాషనా? ఆ మూడోది నేనే గదే!"

"మగోళ్లకు గడియారం కుడిచేతికి ఉండాదే?" అని వెనకనుంచి ఇంకెవరో.

"శుభకార్యం కదా, కుడిచేతికే కడతారు" అన్నాను. మంచి ఊపులో ఉన్నాను.

అప్పుడు వచ్చింది భోజనాల బంతి ఫొటో. పన్నెండు అరిటాకులు, పన్నెండుమంది మనుషులు. పెళ్లికూతురితో సహా పదకొండుమంది ఎడమచేత్తో తింటున్నారు.

"అయ్యయ్యో! ఎడంచేత్తోనా! ఇదేం వంశమే?" అంది మేనత్త.

అక్క మెల్లగా లేచింది. "ఈ పొటో ఆల్బంలో లేదే! నేను చూడనే లేదు." తెర దగ్గరికెళ్లి చూసేసరికి ఆమె మొహం వెలిగిపోయింది. "చూడండి, మా ఆయనొక్కడే కుడిచేత్తో తింటా ఉండాడు!"

మా బావ గురించి చెప్పాలి. ఎడమచేత్తో లోటా అందిస్తే పిల్లల చేతులు వాయించే మనిషి. ఆ మాటకు మీసం దువ్వాలి. దువ్వలేదు. చెమట తుడుచుకున్నాడు.

"సరే సరే, ముందుకు పొండి. మరదలు పాపం కష్టపడి చేసింది."

ముప్పై ఏళ్లలో ఆయన నన్ను పాపం అనడం అదే మొదలు. అక్కడే నాకు అనుమానం రావలసింది. ఈలోపు అక్క కూతురు, "పిన్నీ, నెగటివ్ తిరగేసి తీసినావు! అంతా అద్దంలో మాదిరి ఉండాది" అంది.

"అయితే తిప్పు" అన్నాను.

"వద్దు!" అని బావ.

"ఎందుకొద్దు బావా? తప్పు నాది, దిద్దుకోవద్దా?"

తప్పు ఒప్పుకోవడానికి కూడా వాదించే మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. పిల్ల నొక్కింది. పైటలు ఎడమకొచ్చాయి. పదకొండు చేతులూ కుడికి మారాయి. పెళ్లికొడుకు ఒక్కడే, ఎడమచెయ్యి మణికట్టుదాకా సాంబారన్నంలో ముంచి, లోకం మరిచి తింటున్నాడు. ఆల్బంలోకి ఫొటోలు ఏరింది ఎవరో అప్పుడర్థమైంది.

"మా పిల్లోళ్ల చేతులు వాచేట్ల కొట్టినావు గదప్పా!" అన్నారు బంధువులెవరో.

"ఆకలేసింది" అన్నాడు బావ.

హాలంతా పడీ పడీ నవ్వింది. అక్క నవ్వలేదు. నా దగ్గరికొచ్చింది.

"ముందటి మాదిరే తిప్పమని చెప్పు."

"అది తప్పు ఫొటో అక్కా."

"ముప్పై ఏండ్లుగా వంటింటి తలుపేసి అన్నం పెట్టి కాపాడినాను. నువ్వొచ్చి ఒక్క నిమిషంలో తెరిచేస్తివి. ఊరంతా ఎడంచెయ్యి, నా మొగుడొక్కడే కుడిచెయ్యి. గోడకు అదే తగిలిస్తా."

తగిలించింది. రెండడుగుల ఫొటో, బంగారు రంగు ఫ్రేము. దానికింద కూర్చుని బావ ఇప్పుడు తలుపు తెరిచే తింటున్నాడు, తనకు నచ్చిన చేత్తో.

కాబట్టి పాఠకులారా, తిరగబడి ఉన్న ఏ కాపురాన్నీ ఈ జన్మలో నేను సరిచేయబోనని, విరుదునగర్ మిరపకాయల బస్తా మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఏ చెయ్యి అని మాత్రం అడగకండి.