ఆరో యంత్రం మీద నా నివేదిక

తొంభై ఏడో సంవత్సరం, మామిడికాయల కాలం. చిత్తూరు మెజిస్ట్రేటు కోర్టు నుంచి మా ప్రిన్సిపాల్‌గారి పేర ఒక ఉత్తరం వచ్చింది. అప్పుడు నేను తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ విభాగంలో సీనియర్ లెక్చరర్‌ని. చిత్తూరు బస్టాండు దగ్గర ఒక వీడియో గేముల కొట్టు మీద పోలీసులు దాడి చేసి ఆరు యంత్రాలు స్వాధీనం చేసుకున్నారని, అవి జూదపు యంత్రాలు అవునో కాదో పరీక్షించి చెప్పడానికి అర్హత ఉన్న అధ్యాపకుణ్ణి ఒకరిని పంపాలని ఆ ఉత్తరం సారాంశం. ప్రిన్సిపాల్‌గారు దాని మీద నా పేరు రాసి, సంతకం పెట్టి, ప్యూనుతో నా బల్ల మీదికి పంపించారు.

కోర్టు అడిగిన ప్రశ్న చిన్నదే. చట్టం లెక్కలో ఆడేవాడి నేర్పు మీద గెలుపు ఆధారపడితే అది ఆట. అదృష్టం మీద ఆధారపడి, దాని మీద పందెం నడిస్తే జూదం. ఈ రెండింటిలో ఏ యంత్రం ఎటు పడుతుందో నేను తేల్చాలి. కేసుల్లో పట్టుబడిన వస్తువులకు కోర్టువారు వరుస నంబర్లు వేసి చీటీలు అంటిస్తారు. ఈ యంత్రాలకు ఒకటి నుంచి ఆరు దాకా వేశారు.

నిజం ఒప్పుకోవాలి. తిరుపతిలో బస్సెక్కి కూర్చున్నప్పుడే నా నివేదిక మనసులో సగం తయారైపోయింది. మా నాయన సంస్కృతం చెప్పిన వైష్ణవుడు. మా ఇంట్లోకి పేకముక్క కూడా రాలేదు. వీడియో గేముల కొట్టు అంటే నాకు తెలిసింది ఒక్కటే, మా విద్యార్థులు ల్యాబు ఎగ్గొట్టి దూరే చోటు. ఆరూ జూదపు యంత్రాలేనని రాసి రెండు రోజుల్లో పని ముగించేస్తాననుకున్నాను. పదకొండు రోజులు పట్టింది.

యంత్రాలను కోర్టు వెనక, పట్టుబడిన సామాను దాచే గదిలో పెట్టారు. తాళాలు హెడ్ కానిస్టేబులు గురవయ్య దగ్గర ఉండేవి. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, దాడిలో కూడా ఉన్నవాడు. మొదటి యంత్రానికి కరెంటిచ్చి, నాణెం వేసి, పరీక్ష మొదలుపెట్టాను. తెర మీద పైనుంచి పురుగుల వరసలు దిగుతాయి. కింద మన ఓడ. పిడి అటూ ఇటూ తిప్పి కాల్చాలి. ఎలక్ట్రానిక్స్‌లో పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నేను నలభై సెకన్లలో ఓడిపోయాను. మళ్లీ ఆడాను. ముప్ఫై అయిదు. సాయంత్రానికి ముప్ఫై ఆటలు ఆడి, అన్ని స్కోర్లూ కాగితం మీద వరసగా రాసుకున్నాను. ఒక్కటీ పెరగలేదు.

నేర్పు అనేది ఉంటే నేర్చినవాడు నేర్వనివాడికన్నా ప్రతిసారీ మెరుగ్గా ఆడాలి. అది పరీక్షకు నేను పెట్టుకున్న సూత్రం. నేర్వనివాణ్ణి నేనున్నాను. నేర్చినవాడు కావాలి. ఎవరైనా ఉన్నారా అని గురవయ్యను అడిగాను.

ఆయన కొంచెం తటపటాయించి, "ఆ కొట్టాయన పెళ్లాం ఉండాది సార్, సులోచనమ్మ అని. ఆయమ్మ ఆడితే సూడాల," అన్నాడు. దాడికి ముందు డ్యూటీ దిగినాక తానూ చాలాసార్లు వెనక నిలబడి చూశానని ఆ తర్వాత ఎప్పుడో చెప్పాడు.

కొట్టు యజమాని మునిరత్నం కేసులో ముద్దాయి. అతని తరపు వకీలు అర్జీ పెడితే, ఆమె నా ముందు ఆడి చూపించడానికి మెజిస్ట్రేటుగారు అనుమతించారు. మరుసటి రోజు పదకొండింటికి సులోచన వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. పుట్టిల్లు నగరి. పెళ్లికి ముందు అన్నదమ్ములతోపాటు మరమగ్గం నడిపిన మనిషి. చీర కొంగు నడుముకు దోపి, నాణెం వేసి, పిడి పట్టుకుంది.

ఆ ఒక్క నాణెం మీద ఆమె ఇరవై ఆరు నిమిషాలు ఆడింది. నేను గడియారం చూస్తూ, రాయడం మర్చిపోయాను. ఓడ తెర మీద అటూ ఇటూ పరుగులు పెట్టడం లేదు. అవసరమైనంత జరిగి ఆగుతోంది. గుండు రాకముందే అక్కణ్ణుంచి తప్పుకుంటోంది. ఆట ముగిశాక ఎలా ఆడావమ్మా అని అడిగాను.

"కంటితో సూస్తే ఆలీసం అయిపోతాది సార్," అంది. "సెవితో వినాల. పురుగులు దిగేటప్పుడు టక్కు టక్కు అని అడుగు పడతాది కదా, అది మగ్గం మాదిరే. దారం తెగే ముందర మగ్గం సప్పుడు మారతాది. ఇదీ అంతే."

ఆ రోజు నా దిగ్భ్రాంతి ఇంతా అంతా కాదు. ఆ శబ్దం వేగం, పురుగుల కదలిక ఒకే గడియారపు సంకేతం మీద నడుస్తాయని బోర్డు విప్పి చూశాక నాకు తెలిసింది. ఆమెకు విప్పకుండానే తెలుసు. రెండు, మూడు, నాలుగు, అయిదు నంబర్ల మీద కూడా అదే ఫలితం. కార్ల పందెం, మెట్లెక్కే కోతి, పడే రాళ్లు, గోడను పగలగొట్టే బంతి. ప్రతిదానిలోనూ ఆమె స్కోరు నాకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రతిసారీ ఎక్కువే.

ఆమె చెప్పినట్టు చెవి పెట్టి ఆడటం నేనూ మొదలుపెట్టాను. నాలుగో రోజుకు మొదటి యంత్రం మీద నాలుగు నిమిషాలు నిలిచాను. పరీక్షకు అంతకన్నా అక్కర్లేదు. అయినా మరో రెండు రోజులు పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వెళ్లి ఆడాను. ప్రయాణభత్యం బిల్లులో ఆ రెండు రోజులు వేసుకోలేదు. ఆట నన్ను పట్టుకుంది. నలభై ఆరేళ్ల వయసులో, జూదం అని రాయడానికి వచ్చిన చోట.

ఏడో రోజు ఆరో యంత్రం దగ్గరికి వచ్చాం.

బయటికి అది మిగతా అయిదింటిలాగే ఉంది. అదే చెక్కపెట్టె, అదే తెర. తెర మీద మూడు బొమ్మలు గిర్రున తిరుగుతాయి. బటన్ నొక్కితే ఒక్కొక్కటీ ఆగుతుంది. మూడూ ఒకటే అయితే గెలుపు. కింద గిన్నెలో బిళ్లలు పడతాయి. వాటిని కౌంటరులో ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. సరైన క్షణంలో నొక్కడమే ఇందులో నేర్పని మునిరత్నం వాంగ్మూలం.

సులోచన యాభై ఆటలు ఆడింది. నేను యాభై ఆడాను. గురవయ్యను కూడా కూర్చోబెట్టి యాభై ఆడించాను. ముగ్గురి ఫలితాలూ దాదాపు సమానం. ఆమె చేతికీ నా చేతికీ ఇక్కడ తేడా లేదు.

"ఇది నాకు ఎప్పుడూ లొంగలేదు సార్," అందామె. "ఇంకా నేర్వాలేమో అనుకుంటి."

వెనక తలుపు మరలు విప్పి బోర్డు చూశాను. నాణెం పడిన క్షణంలోనే ఫలితం ఖాయమైపోతోంది. బటన్ నొక్కడం ఉత్త నాటకం. ఎప్పుడు నొక్కినా ముందే నిర్ణయమైన బొమ్మ దగ్గరే అది ఆగుతుంది. అంతవరకు నేను ఊహించిందే. కానీ బోర్డు పక్కన కంపెనీది కాని చిన్న సర్క్యూటు ఒకటి ఉంది. చేత్తో టంకం వేసింది. ఒక రిలే, అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చు, దాన్నుంచి రెండు తీగలు బయటికి. పెట్టె అడుగున అవి తెగి వేలాడుతున్నాయి. ఆ రెండు తీగల కొసలు కలిపి ఆడించాను. యాభై ఆటల్లో ఒక్క గెలుపు కూడా లేదు. విడదీశాను. గెలుపులు మళ్లీ వచ్చాయి.

దాడి రోజున ఈ తీగలు ఎక్కడికి పోతున్నాయని గురవయ్యను అడిగాను.

"గోడెంబడి కౌంటరు కిందికి పోయింటాయి సార్. ఆడ కుర్సీ కాడ సిన్న మీట ఒకటి ఉండె. ఎర్తు తీగ అనుకోని కోసేసినాం."

సులోచన ఆ తీగల వైపే చూస్తోంది. "పొద్దున పూట నేను కూసుంటా ఆ కుర్సీలో. సాయంత్రం ఆయన," అంది. మీట సంగతి తనకు తెలియదని చెప్పలేదు. చెప్పనవసరం లేదు. ఆమె ముఖం చూసినవాడెవడైనా నమ్ముతాడు.

ఆ తర్వాత చెప్పిన మాట నేను ఇన్నేళ్లకూ మర్చిపోలేదు. "మా తమ్ముడు ఈ మిషను ముందరే కూసోని మగ్గం అమ్ముకున్నాడు సార్. వాడు ఏడుస్తా వస్తే నేనే తిట్టినా. నీకు సేతగాలేదు, నేర్సుకోని ఆడు అంటి. నేనే వాణ్ణి మళ్లా కూసోబెట్టినా."

యంత్రంలో మోసం ఉండటం నా వృత్తిలో వింతేమీ కాదు. ఓడిపోయినవాడు తన చేతుల్లోనే లోపముందని నమ్మేలా ఆ మోసాన్ని ఆట ముసుగులో, నిజమైన ఆటల పక్కనే నిలబెట్టడం నేను ఊహించనిది. మిగతా అయిదింటి నిజాయితీయే దానికి పెట్టుబడి.

ఆ తర్వాత రెండు వైపుల నుంచీ నాకు సలహాలు వచ్చాయి. ముద్దాయి వకీలు వరండాలో కలిసి, ఆరోదాని గురించి 'నిర్ధారించలేకపోయాను' అని రాస్తే చాలని, తెగిన తీగలు తెగినవే కాబట్టి అది అబద్ధం కూడా కాదని మెల్లగా చెప్పారు. మునిరత్నం వచ్చి, "సామీ, అయిదు మంచివని మీరే అంటిరి కదా, ఒకదాని కోసరం మా బతుకు తీయొద్దు," అని చేతులు పట్టుకున్నాడు. ప్రభుత్వ ప్లీడరుగారిది ఇంకో దారి. అన్నీ ఒకే కొట్టులో ఉన్నవి కనుక ఆరింటినీ కలిపి జూదమని రాస్తే కేసు సులువుగా తేలుతుందన్నారు. నేను బస్సులో కూర్చుని మొదట రాయదలచుకున్నది సరిగ్గా అదే.

సులోచనను నేనేమీ అడగలేదు. ఆఖరి రోజు ఆమే వచ్చింది. "ఉన్నది ఉన్నట్టు రాయండి సార్. కానీ ఆ అయిదింటినీ దీంతో కలపొద్దు," అంది. మొగుడికి శిక్ష పడుతుందని తెలిసే అన్న మాట అది.

ఒక్కో యంత్రానికీ ఒక్కో విభాగం పెట్టి నివేదిక రాశాను. ఒకటి నుంచి అయిదు నేర్పుతో ఆడే ఆటలు. ఆరవది జూదపు యంత్రం, అందులోనూ ఆడేవాడు ఓడిపోయేలా బయటినుంచి నడిపించేది. తీగల పటం జతచేశాను. బోనెక్కినప్పుడు ప్రభుత్వ ప్లీడరుగారు, ఆటల మీద మీకు ఇష్టం కలిగిన మాట నిజమా అని అడిగారు. నిజమేనన్నాను. కోర్టులో కొందరు నవ్వారు. ఆ ఇష్టం ఆరో యంత్రాన్ని కాపాడిందా అని మెజిస్ట్రేటుగారు అడిగారు. లేదన్నాను. మునిరత్నానికి శిక్ష పడింది. ఆరో యంత్రాన్ని పగలగొట్టించారు. అయిదు తిరిగి ఇచ్చారు.

సులోచన వాటిని తిరుపతికి తెచ్చి, లాడ్జీలున్న వీధిలో అద్దెకు గది తీసుకుని తన పేరుతోనే కొట్టు పెట్టింది. గది దొరకని యాత్రికులు, బస్సుకు టైమున్నవాళ్లు వచ్చేవారు. నేను శనివారాలు వెళ్లేవాణ్ణి. తీర్పు రాకముందే నగరికి పోయి తమ్ముడికి తీగల సంగతి చెప్పానని అక్కడే చెప్పింది. "నీ సేతుల్లో తప్పు లేదురా అంటి. వాడేమో సార్, నన్ను బస్సెక్కించి, కిటికీ కాడ శానాసేపు నిలబడినాడు."

రెండువేల సంవత్సరం దాటాక ఇంటర్నెట్ కేంద్రాలు, ఇళ్లలో కంప్యూటర్లు వచ్చాయి. కొన్నేళ్లకు ఆమె కొట్టు మూసేసి టైలరింగులోకి వెళ్లింది. నేను కొత్త ఆటలూ ఆడాను. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి. కానీ ఓడిపోతే అక్కణ్ణుంచే మళ్లీ మొదలు, కాబట్టి ఓటమికి బరువు లేదు. పాత యంత్రం ముందు ఒకడు ఆడుతుంటే వెనక నలుగురు నిలబడి, నోరెత్తకుండా, వాడి చెయ్యి చూసి నేర్చుకునేవాళ్లు. ఆ సంస్కారం కొత్తవాటిలో నాకు కనబడలేదు. ఈ మాటంటే మా విద్యార్థులు ముసలి గొణుగుడు అనేవారు. కావచ్చు. అయితే వాళ్లు చూపించిన కొన్ని ఆటల్లో, వంద రోజులు ఆడినవాడికీ నిన్న మొదలుపెట్టినవాడికీ తేడా లేకపోవడం చూసి నేను ఉలిక్కిపడిన మాట నిజం.

ఆ కేసు తర్వాత కోర్టులకు మరో తొమ్మిది నివేదికలు ఇచ్చాను. ఏ ఒక్కదానిలోనూ వస్తువులను గంపగుత్తగా కలిపి అభిప్రాయం రాయలేదు. నాకు అసహ్యమనిపించిన వస్తువును రెండుసార్లు, నచ్చినదాన్ని మూడుసార్లు పరీక్షించడం అలవాటు చేసుకున్నాను. విప్పి చూడకుండా ఏదీ మంచిదనీ చెడ్డదనీ సంతకం పెట్టలేదు.